పట్టకారు బిగించిన బోల్టు

పట్టకారు బిగించిన బోల్టు విప్పాలంటే మళ్ళీ పట్టకారే రావాలని, ఆ పేరు పెట్టుకున్న తమ మేస్త్రీ గురించి ఆ వర్క్‌షాపులో అనేవారు. అదేమీ ఎగతాళి కాదు. ఆయన సెలవులో ఉన్న ఒకరోజు పంపు మూత విప్పాల్సి వచ్చింది. ఇద్దరు మనుషులు వేలాడారు, పానాకి మూడడుగుల పైపు తొడిగారు, చివరికి గ్యాసు మంట కూడా పెట్టారు. బోల్టు తల తెగి చేతిలోకి వచ్చింది గాని మర మాత్రం కదల్లేదు. మర్నాడు ఆయన వచ్చి ఆ తెగిన తలని అరచేతిలో వేసుకుని, ఊడిన పాలపన్నుని చూసినట్టు చూసి, నేను వచ్చేదాకా ఆగలేకపోయారా అన్నాడట.

చూడ్డానికి పెద్ద ఆకారం కాదు. సన్నటి మనిషి. ఉన్న బలమంతా మోచేతుల నుంచి కిందకే. ముప్ఫై ఒక్కేళ్ళు లేత్ మీద పంపుల ఇరుసులు కోసిన చేతులు అవి. ఆయనతో చెయ్యి కలిపినవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకునేవారు. వీధిలో ఎవరింట్లో సీసా మూత బిగుసుకున్నా ఆ సీసా నడుచుకుంటూ ఆయన గుమ్మం దగ్గరికి వచ్చేది.

బిగించడం అయ్యాక బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీసేవాడు, ఆడవాళ్ళ గోళ్ళ రంగుతో. తర్వాతెప్పుడైనా బోల్టు తిరిగితే గీత రెండు ముక్కలై పట్టించేస్తుంది. అది చాలా చోట్ల ఉన్న పద్ధతే. కాని మిగతా చోట్ల గీత గీసే ముందు టార్క్ రెంచి పెట్టి చూస్తారు. ఎంత బిగువు కావాలో అంకె పెట్టుకుని లాగితే, అంత బిగువు అందగానే టక్కుమనే పానా అది. ఈ వర్క్‌షాపులో దాన్ని బయటికి తీసేవాళ్ళే కాదు. ఆయన గీత గీశాడంటే అయిపోయినట్టే. దాన్ని మళ్ళీ పరీక్షించడం అంటే మనిషిని పట్టుకుని నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టు. ఆ రెంచికి ఆయన పెట్టిన పేరు గిలక. పసిపిల్లలు ఏడిస్తే ఆడించడానికి అనేవాడు. ఇంట్లో డజన్ల కొద్దీ ఎర్ర రంగు సీసాలు ఖాళీ అయ్యాయి గాని ఆయన భార్య గోళ్ళకి ఒక్క చుక్క కూడా అంటలేదు.

ఆ భార్య తమ్ముడు కార్ల వైర్ల పని చేసేవాడు. బావ పిలిచినట్టే వీధంతా అతన్ని బామ్మర్ది అనే పిలిచేది, అందరికీ ఒకే వరస అయినట్టు. అతనూ పలికేవాడు. ప్రతి ఆదివారం అక్కావాళ్ళింటికి వచ్చి, తిని, బావ షెడ్డులో సాయంత్రం దాకా కూర్చునేవాడు.

ఆ షెడ్డులోనే కారు ఉండేది. అది కారుగా రాలేదు, పద్నాలుగు పెట్టెల్లో వచ్చింది. పైకప్పు లేని, రెండే సీట్ల, నేలకి అంగుళాల ఎత్తులో ఉండే పరుగుపందెం బండి. పెట్టెల్లో వచ్చిన ముక్కల్ని మనమే పుస్తకం చూసి కలుపుకోవాలి. పుస్తకంలో రాసింది పద్దెనిమిది నెలల పని. బావకి తొమ్మిదేళ్ళు పట్టింది, ఎందుకంటే పెట్టెల్లో వచ్చిన సగం ముక్కలు ఆయనకి నచ్చలేదు. ఇది ఎవడు కోశాడ్రా అంటూ పక్కన పడేసి, షెడ్డు మూలనున్న చిన్న లేత్ మీద తనే మళ్ళీ కోసేవాడు. అక్క దాన్ని సవతి అనేది. ముందుగదిలో బట్టలు కుడుతూ, షెడ్డులోంచి ఆయన భోజనానికి రాకపోతే, "సవతికి అన్నం పెట్టడం అయిందేమో కనుక్కుని రారా" అని తమ్ముణ్ణి పంపేది.

మొదటి పెట్టె మూత తీసిన రోజున బావ ఆవిడకి ఒక మాట ఇచ్చాడు. ఇది తయారయ్యాక మొదటిసారి నిన్నే ఎక్కించుకుని కొండ మీద రిజర్వాయరు దాకా తీసుకెళ్తానని. "అప్పటికి ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలేమో" అంది అక్క. ముగ్గురూ నవ్వుకున్నారు.

రెండేళ్ళ కిందట బావ ఉన్నట్టుండి పని మానేశాడు. కళ్ళు మసకలు కమ్ముతున్నాయన్నాడు. కాని ఆ సాయంత్రమే అక్కకి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం బామ్మర్ది చూశాడు. ఒక్కసారికే ఎక్కించాడు. చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడం అక్కడ మొదలైంది.

కారు దాదాపు పూర్తవుతున్న రోజుల్లో ఒక ఆదివారం బావ కొత్త పని చెప్పాడు. దీనికి పవర్ స్టీరింగ్ పెట్టాలి, వైర్ల పని నీది అన్నాడు. బామ్మర్దికి నవ్వొచ్చింది. ఇలాంటి బండి స్టీరింగ్ చక్రం బరువుగా ఉండాలని, రోడ్డు చేతికి తెలియాలని తొమ్మిదేళ్ళుగా ఉపన్యాసాలిచ్చిన మనిషి. "ముసలాణ్ణయ్యానని ఒప్పుకో బావా, పోయిందేముంది" అన్నాడు.

"నాక్కాదురా, మీ అక్కకి. నేర్చుకుంటానంటోంది."

అందులో అనుమానించడానికి ఏమీ లేదు. ముందువైపు బరువైన ఇంజను, వెడల్పు టైర్లు, చిన్న చక్రం. నిలబడి ఉన్న కారులో చక్రం తిప్పాలంటే ఎవరికైనా భుజాలు లాగేస్తాయి. భోజనాల దగ్గర బామ్మర్ది అక్కని ఆటపట్టించాడు, ఈ వయసులో రేసులకి వెళ్తావా అని. అక్క గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది. ఆయన కంచంలోకి చూస్తున్నాడు.

"అవునురా. నేర్చుకుందామనే" అంది.

పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక చిన్న కారు శవం దొరికింది. దాని స్టీరింగ్ కడ్డీకి కిందివైపు అతుక్కుని, గుండ్రటి డబ్బాలా ఒక మోటారు ఉంటుంది. మనం చక్రాన్ని కాస్త తిప్పగానే ఎటు తిప్పుతున్నామో, ఎంత కష్టపడుతున్నామో కనిపెట్టి మిగతా బలం అది పెడుతుంది. బావ ఆ కడ్డీని రెండు చోట్ల కోశాడు. ఇటు చక్రానికీ అటు కింది కడ్డీకీ కుదిరేలా రెండు గొట్టాలు లేత్ మీద తయారుచేశాడు. కడ్డీ పళ్ళూ గొట్టం పళ్ళూ ఒకదాంట్లో ఒకటి దిగి కూర్చుంటాయి. జారిపోకుండా అడ్డంగా ఒక బోల్టు గట్టిగా నొక్కి పట్టాలి. ఆ బోల్టు వదులైతే చక్రం మీ చేతిలోనే ఉంటుంది, టైర్లు మాత్రం వాటి ఇష్టం.

పని నాజూకులో ఏ లోటూ లేదు. వెంట్రుక మందం తేడా రాలేదు. లేత్‌కి బలం అక్కర్లేదు, కన్నూ ఓపికా ఉంటే చాలు. కాని ఇనుప ముక్కని లేత్ పట్టులో బిగించే తాళానికి ఒక పైపు ముక్క తొడిగి ఉండడం బామ్మర్ది గమనించాడు. బావకి పైపు ఎందుకు? అడుగుదామనుకుని, ఇంకేదో అడిగాడు.

మోటారుతో ఒక చిక్కు ఉంది. అది పుట్టిన కారులో బండి ఎంత వేగంగా పోతోందో దానికి ఎప్పటికప్పుడు కబురు అందేది. నెమ్మదిగా ఉంటే ఎక్కువ సాయం చేసేది, వేగంగా ఉంటే తగ్గించేది. ఇక్కడ కబురు చెప్పేవాళ్ళు లేరు. అందుకని బామ్మర్ది ఒక చిన్న పెట్టె తయారుచేశాడు, మోటారుకి దొంగ కబుర్లు పంపేది. దాని మీద సున్నా నుంచి పది దాకా తిప్పే మీట. కుడివైపు తిప్పేకొద్దీ, బండి నిలబడే ఉందని మోటారు నమ్మి బలమంతా పెడుతుంది. అంకెలకి బావే గోళ్ళ రంగుతో చుక్కలు పెట్టాడు. మూడు దగ్గర ఉంచితే చాలని ఇద్దరూ అనుకున్నారు. రోడ్డు మీద అయిదు దాటకూడదని బామ్మర్ది గట్టిగా చెప్పాడు. దాటితే మలుపు తిరిగాక చక్రం తనంతట తను వెనక్కి రాదు. తెచ్చుకోవాలి.

కరెంటు ఇవ్వకముందు ఒకసారి తిప్పి చూడు బావా, తేడా తెలుస్తుంది అన్నాడు బామ్మర్ది.

"తేడా నాకు తెలుసులే" అన్నాడు బావ.

కరెంటు ఇచ్చాక ఒక్క వేలితో చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. బామ్మర్ది నవ్వుతాడనుకుని చూస్తున్నాడు. బావ నవ్వలేదు. కళ్ళు మూసుకుని, దాహం తీరిన మనిషిలా ఊపిరి వదిలాడు. తర్వాత పానా తీసుకుని బోల్టులన్నీ తనే బిగించి, తనే గీతలు గీశాడు. బామ్మర్ది లైటు పట్టుకున్నాడు. గిలక గోడకి వేలాడుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం మీట నాలుగు మీద ఉంది. ఆ తర్వాతి ఆదివారం నాలుగున్నర. టైర్లలో గాలి తక్కువుందన్నాడు బావ. బామ్మర్ది గాలి కొలిచాడు, సరిగ్గానే ఉంది. మీట పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేసరికి మీట గుర్తు దాటి అయిదుకి వచ్చింది. వానలు మొదలయ్యేసరికి ఆరు. ఎవరో రోజూ వచ్చి ఆ మీటని ఒక వెంట్రుక వాసి జరిపి వెళ్తున్నట్టు ఉండేది. ఆ వచ్చేది ఎవరో అప్పటికే అతనికి కొంచెం తెలుసు. తెలిసినదాన్ని మనసులోనే ఇంకో గదిలో పెట్టి గొళ్ళెం పెట్టుకున్నాడు.

గోదాముల వెనకనున్న ఖాళీ రోడ్డు మీద బండిని నడిపి చూడడానికి తాత్కాలిక అనుమతి వచ్చింది. ఒక ఆదివారం పొద్దున బావ నడుపుతుంటే బామ్మర్ది పక్క సీట్లో కూర్చున్నాడు. మీట ఏడు మీద ఉంది. అతను చూశాడు, బావ చూడనట్టు ముందుకు చూశాడు. తిన్నటి రోడ్డు అయిపోయి ఎడమ మలుపు వచ్చింది. బండి అందంగా తిరిగింది. మలుపు అయిపోయింది, చక్రం మాత్రం తిరిగినచోటే ఉండిపోయింది. బావ చేతులు దాని మీదే ఉన్నాయి. లాగుతున్నట్టే ఉన్నాయి. గోదాము గోడ, దాని మీద సున్నం పెచ్చులు, పెచ్చుల కింద ఇటుకలు ఒక్కొక్కటీ పెద్దవవుతున్నాయి. బామ్మర్ది చెయ్యి చాపి చక్రాన్ని పట్టి లాగాడు. లాగినప్పుడు కింద ఎక్కడో టక్కుమంది.

బండి గోడకి జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. ఎక్కడో రేకు మీద వాన చుక్కలు పడుతున్నాయి.

"చక్రం నిద్రపోయిందిరా" అని బావ నవ్వాడు. బామ్మర్ది కూడా నవ్వాడు. ఇద్దరూ నవ్వడం ఆపలేకపోయారు, ఆపితే మాట్లాడాల్సి వస్తుంది.

కాని ఆ టక్కుమన్న చప్పుడు బామ్మర్దిని వదల్లేదు. ఆ మధ్యాహ్నం బావ కునుకు తీస్తున్నప్పుడు అతను షెడ్డులోకి వెళ్ళి, కాళ్ళు పెట్టుకునే చోట తలదూర్చి చూశాడు. కడ్డీ అతుకు దగ్గర బోల్టు మీద ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉంది. గీత ప్రకారం ఆ బోల్టు బిగించినప్పటి నుంచీ కదల్లేదు. అతను రెండు వేళ్ళతో దాని తల పట్టుకుని తిప్పాడు.

తిరిగింది.

బోల్టు వదులు కాలేదు. అది ఎన్నడూ బిగియలేదు. బావ మోసం చెయ్యలేదు. తన బలమంతా పెట్టి, ఇంక కదలదనేదాకా తిప్పి, ఎప్పటిలాగే తృప్తిపడి గీత గీశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యే కొలబద్ద. కొలబద్దే కుంచించుకుపోతుంటే అది చూపించే కొలతలన్నీ దానికి సరిగ్గానే కనిపిస్తాయి. పైగా ఇదివరకటి బరువు చక్రమైతే ఆ వదులు మొదటి రోజే చేతికి గలగలమని చెప్పేది. ఇప్పుడు రోడ్డుకీ చేతికీ మధ్య మోటారు కూర్చుంది. అది ఏ మాటా పైకి పోనివ్వదు. ఆ మోటారుకి అబద్ధాలు నేర్పింది తనే.

గోడకున్న గిలక తీశాడు. ముందువైపున్న బోల్టులన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఒక్కటీ సరిగ్గా లేదు. అన్నీ బిగించాడు. అతుకు బోల్టుని మాత్రం, రెంచి టక్కుమన్నాక కూడా భయంతో ఇంకాస్త లాగాడు. పాత గీతలు తుడిచి, బావ గీసే తీరులోనే, చివర కొంచెం వంపు తిప్పి కొత్త గీతలు గీశాడు.

చెప్పాలి. చెప్పకపోతే బావ ఏదో ఒకరోజు ఇంకో బోల్టు విప్పి తనే బిగిస్తాడు, దాని మీద గీత గీసి, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని కొండ ఎక్కుతాడు. ఆ కొండదారి ఒకవైపు రాయి, ఇంకోవైపు ఏమీ లేదు. చెప్తే బావకి ఏం మిగులుతుంది? పట్టకారు అనే పేరు తప్ప ఆయన సంపాదించుకున్నది ఇంకోటి లేదు.

ముందు అక్కకి చెబుదామని కుట్టుగదిలోకి వెళ్ళాడు. ఆవిడ మెడలో టేపు వేసుకుని బావకి చొక్కా కత్తిరిస్తోంది. బల్ల మీద రెండు చేతుల ముక్కలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకటి వెడల్పుగా, ఇంకోటి సన్నగా. అతను వాటివైపు చూశాడు. ఆవిడ అతను చూడడాన్ని చూసింది. సన్నటి ముక్కని మడిచి రెండోదాని కింద పెట్టేసింది.

"టీ తాగుతావా" అంది.

"తాగుతాను" అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం బావ కునుకు తీసే గంటలో అతను షెడ్డులో దొంగలా దూరి బోల్టులు చూసుకునేవాడు. వారంలో బావ ముట్టుకున్నవి తెలిసిపోయేవి, వాటి మీది రంగు తాజాగా ఉండేది. అవే వదులుగా ఉండేవి.

బండిని రోడ్డెక్కించడానికి ఆఖరి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ముభావంగా ఉండే మనిషి. ఎర్ర గీతలన్నీ చూసుకుంటూ వెళ్ళి, తన సంచీలోంచి తన గిలకే తీసి, అక్కడా ఇక్కడా పెట్టి లాగాడు. టక్. టక్. టక్. అతుకు బోల్టు దగ్గర కూడా టక్కుమంది. ఇన్నేళ్ళలో ఇంత నికరమైన చెయ్యి చూడలేదు మేస్త్రీ అన్నాడు. బావ గిలక వైపు చూసి బామ్మర్దికి కన్నుకొట్టాడు. కాగితం మీద ముద్ర పడింది. వచ్చే ఆదివారమే రిజర్వాయరు అన్నాడు బావ, అక్కకి వినబడేలా గట్టిగా.

అంటే ఆదివారం లోపు చెప్పాలి. సోమవారం చెప్పలేదు. బుధవారం ఫోను తీసి పెట్టేశాడు. శనివారం పొద్దున సెలవు పెట్టి మరీ వచ్చాడు, చెప్పేసి తీరాలని.

బావ అప్పటికే షెడ్డులో ఉన్నాడు. బండి తిన్నగా పోతున్నప్పుడు చక్రం నడిమి కమ్మీ కొంచెం పక్కకి వాలి ఉంటోందట. అతుకు విప్పి ఒక్క పన్ను జరిపి మళ్ళీ కలిపితే సరిపోతుంది. "అయిదు నిమిషాల పని. లైటు పట్టుకో" అన్నాడు.

బామ్మర్ది లైటు పట్టుకున్నాడు. నోట్లో మాట నోట్లోనే ఉంది. బావ పడుకుని లోపలికి చెయ్యి దూర్చి బోల్టు మీద పానా పెట్టి లాగాడు. పైపు తొడగడానికి అక్కడ చోటు లేదు. మళ్ళీ లాగాడు. చెయ్యి మార్చాడు. పానా తీసి, దాని నోరు తుడిచి, మళ్ళీ పెట్టాడు. ముంజేతి మీద నరాలు వణికాయి.

బావ పానా వదిలేసి అలాగే వెల్లకిలా ఉండిపోయాడు. ఆయన కళ్ళు బోల్టు మీద ఉన్నాయి.

"నేను బిగించింది నాకే రావట్లేదు" అన్నాడు.

బామ్మర్ది తుప్పు పట్టిందేమో అనబోయాడు గాని మూడు నెలల బోల్టుకి షెడ్డులో తుప్పేమిటి.

"ఎవడి చెయ్యిరా ఇది?"

"నాదే బావా."

"ఇదొక్కటేనా?"

"ముందువైపున్నవన్నీ."

"ఎప్పట్నుంచి?"

"ఆ గోడ దగ్గర్నుంచి."

బావ లెక్కేసుకున్నాడు. లెక్క ఎక్కడికి చేరుతోందో ఆయన ముఖం మీద కనిపించింది. "అయితే ఆ తనిఖీ ఆయన మెచ్చుకున్నది నిన్నన్నమాట" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని బామ్మర్దికి అనిపించింది.

లేచి కూర్చున్నాడు. గోడ వైపు చెయ్యి చూపించి, "ఆ గిలక ఇటివ్వు" అన్నాడు.

బల్లకి బిగించిన పట్టులో ఒక బోల్టు పెట్టించుకుని, ముప్ఫై ఏళ్ళు వెక్కిరించిన ఆ రెంచి మీద అంకె తనే పెట్టుకున్నాడు. ఆ అతుకు బోల్టుకి కావాల్సిన ఇరవై అయిదు. లాగాడు. చప్పుడు లేదు. ఇరవైకి తగ్గించాడు. లేదు. పదిహేను. పన్నెండు. బామ్మర్ది ఇంక చాలు బావా అన్నాడు. ఆయన వినలేదు. తొమ్మిది దగ్గర టక్కుమంది. చిన్న చప్పుడు. ఆ షెడ్డులో దానికంటే పెద్ద చప్పుడు ఎప్పుడూ కాలేదు.

"తొమ్మిది" అన్నాడు బావ. "సైకిలు గంట బిగించుకోవచ్చు."

నరాలు ఎండిపోయే జబ్బని, చేతుల్లో మొదలై ఎక్కడా ఆగదని డాక్టరు చెప్పి రెండేళ్ళయిందట. ఆ కాగితం కారు పుస్తకం ఆఖరి పేజీలో దాచాడు, ఆ పుస్తకం ఇంకెవరూ తెరవరని. వర్క్‌షాపు మానేసిన వారం లేత్ పట్టు బిగించే తాళం చేతిలోంచి జారి పక్క మనిషి కాలి దగ్గర పడిందట. అంతకంటే చెప్పలేదు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. మెడలో టేపు ఉంది.

"కుడి చెయ్యి ఇంచీన్నర తగ్గింది, ఎడమది ఇంచీ" అంది. "చొక్కాలు కుట్టేది నేనే కదండీ."

ముగ్గురి దగ్గరా మూడు కొలతలున్నాయి. ముగ్గురూ మిగతా ఇద్దరి నుంచి దాచుకున్నారు.

బావ అక్క వైపు తిరిగాడు. రేపు బామ్మర్ది నిన్ను తీసుకెళ్తాడులే అన్నాడు. ఉన్నవి రెండే సీట్లు.

"నాకు మాటిచ్చింది వాడు కాదు" అంది అక్క. "నేర్చుకుంటానని అన్నాను కదా, అప్పుడే మర్చిపోయారా."

అలా బావ చెప్పిన అబద్ధాన్ని అక్క నిజం చెయ్యడానికి పూనుకుంది. నాలుగు నెలలు పట్టింది. గోదాముల వెనక రోడ్డు మీద, మీట మూడు దగ్గర, బావ పక్క సీట్లోంచి నేర్పేవాడు. కాలు క్లచ్ మీద ఉందా కుట్టుమిషను మీద ఉందా అనేవాడు. "సవతి పొగరు అణచాలంటే టైము పడుతుంది" అనేది అక్క. బామ్మర్ది రోడ్డు పక్కన నిలబడి చూసేవాడు. మొదట్లో బావ చేత్తో దారి చూపించేవాడు. తర్వాత వేలితో. తర్వాత గడ్డంతో. ఆవిడ మలుపులు బాగుపడుతున్నకొద్దీ ఆయన ఒక్కో కండరం వదులుకుంటున్నాడు. ఏది ముందు పూర్తవుతుందోనని బామ్మర్ది రోజులు లెక్కపెట్టేవాడు. బోల్టులు ఇప్పుడు అతనే బిగిస్తున్నాడు, బావ కళ్ళ ముందే, గిలకతోనే. ఎర్ర రంగు సీసా అతని జేబులోకి వచ్చింది. ఎప్పుడు ఇచ్చాడో గుర్తులేదు, మూత తియ్యలేక ఇచ్చి ఉంటాడు.

వెళ్ళాల్సిన ఆదివారం మబ్బుగా ఉంది. బామ్మర్ది బావని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. అంత సన్నటి మనిషిని ఎత్తడానికి అతనికి బలం చాలా మిగిలిపోయింది. అక్క వంగి బెల్టు పెట్టింది. "ఎత్తి కూర్చోబెట్టాలన్నావు చూడు" అన్నాడు బావ ఆవిడతో. చేతులు ఒళ్ళో రెండు చేతి తొడుగుల్లా పడి ఉన్నాయి. బండి వీధి చివర కుడివైపు తిరిగి కనబడకుండా పోయింది.

బామ్మర్ది షెడ్డులో నిలబడి మనసులో బోల్టులన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. స్టీరింగ్ అతుకులు, ముందు చక్రాలు, వెనక చక్రాలు, అక్క సీటు. బావ సీటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆ బెల్టుని నేలకి పట్టి ఉంచే బోల్టు కాళ్ళ దగ్గర పరిచిన పట్టా కింద ఉంటుంది, కనబడదు. దాన్ని అతను ఎన్నడూ చూడలేదు. రెండేళ్ళ కిందట, పని మానేసిన కొత్తలో, బావ సీట్లు రెండూ పీకి మళ్ళీ పెట్టాడు. బెల్టు బోల్టులు కూడా తీసి పెట్టాడా? ఆ చేతులతోనా? పిలిచి ఆపుదామనుకున్నాడు. ఫోను చేస్తే కొండ దగ్గర సిగ్నలు లేదంది.

చేతులతో పట్టుకోలేని మనిషిని ఆ సీట్లో పట్టి ఉంచేది ఆ ఒక్క బెల్టు. కొండదారిలో ఎన్ని మలుపులున్నాయో అతనికి తెలుసు. ఒక్కో మలుపుకీ గడియారం చూశాడు. వాన కురిసింది, తగ్గింది, మళ్ళీ కురిసింది. ఎవరో సీసా మూత తియ్యమని వచ్చారు, పాత అలవాటు కొద్దీ. అతను తీసి ఇచ్చాడు. కుట్టుగదిలోకి వెళ్ళి, ఈసారి ఇంకా సన్నగా కత్తిరించిన చొక్కా చెయ్యి ముక్క దగ్గర నిలబడి వచ్చాడు. మధ్యాహ్నం అయిపోయింది. దీపాలు పెట్టే వేళ దగ్గరపడింది.

మొదట చప్పుడు వచ్చింది, తర్వాత బండి వచ్చింది. ఇద్దరూ తడిసి ముద్దయిపోయారు. అక్క ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయిరా అని చెయ్యెత్తి ఏదో చెబుతోంది. బామ్మర్ది వినలేదు. బావ వైపుకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కాళ్ళ పక్కనుంచి తడి పట్టా లేపాడు.

బోల్టు మీద గీత ఉంది. ఎరుపు పోయి గోధుమ రంగుకి వచ్చింది. చివర ఆ చిన్న వంపు ఉంది. అతను గిలక పెట్టి లాగాడు. వెంటనే టక్కుమంది. అంకె పెంచాడు. టక్కుమంది. ఆఖరి అంకె దాకా పెంచి, రెండు చేతులతో, ఒళ్ళంతా వేసి లాగాడు. టక్కుమంది. బోల్టు వెంట్రుకంత కూడా జరగలేదు.

బావ తల వంచలేక, కళ్ళు మాత్రం కిందకి దించి చూస్తున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అది మొదటేడు బిగించింది" అన్నాడు. "నాదే. వదిలెయ్‌రా."

బామ్మర్ది పట్టా కప్పేశాడు.